ఎవరూ లేని చోట ఒక అరుపు

శనివారం ఉదయం ఔడున్ వేసుకున్న పథకం చాలా చిన్నది. నార్వేలోని తన ఊరి వెనక కొండెక్కి, దేవదారు అడవిలో నిలబడి, ప్రాణం పోతున్నట్టు ఒక్కసారి అరవాలి. దాన్ని రికార్డు చేసుకుని భోజనం వేళకు ఇంటికి రావాలి. సాయంత్రంలోగా జర్మనీలో ఉన్న రాల్ఫ్‌కు పంపాలి. అంతే.

రాల్ఫ్ బ్లాక్ మెటల్ అనే, చీకటీ చావుకేకలూ నిండిన రాక్ సంగీతం క్యాసెట్లు వేసే మనిషి. ఔడున్ ఒక్కడే అన్ని వాయిద్యాలూ వాయించి, ఆరేళ్లు కష్టపడి తయారుచేసిన ‘ఎవరూ లేని చోటు’ ఆల్బమ్‌లో చివరి అరుపు తప్ప అంతా రాల్ఫ్‌కు నచ్చింది. "ఇందులో ఏకాంతం లేదయ్యా, దుప్పటి వినిపిస్తోంది" అన్నాడు. నిజమే. పక్కింటివాళ్లు వినకూడదని ఔడున్ బట్టల అలమారాలో దూరి, దుప్పటి కప్పుకుని అరిచాడు మరి. ఇవాళ కొత్త అరుపు అందకపోతే క్యాసెట్ వేయించుకునే అతని వంతు ఫిన్లాండు బృందానికి పోతుంది.

ఈ సంగతి ఊళ్లో ఎవరికీ తెలియదు. ఆ సంగీతంలో మనిషెవరో తెలియకపోవడమే మర్యాద. పైగా ఔడున్ పసిపిల్లల బడిలో పనిచేస్తాడు. వారమంతా కుందేలు పాటలు పాడుతూ ముక్కులు తుడిచే మనిషి చీకటికి ప్రతినిధి అంటే నమ్మేదెవరు?

అడవిలో ఒక మొద్దు మీద రికార్డరు పెట్టాడు. ముఖానికి తెల్లరంగు, కళ్ల చుట్టూ నల్లరంగు పూసుకున్నాడు. చూసేవాళ్లు లేరు గానీ, ఆ రంగు లేకపోతే అతనికి గొంతు రాదు. ఆరేళ్ల కష్టాన్నంతా తలుచుకుని అరిచాడు. కొండ దద్దరిల్లింది. ఔడున్ ఒళ్లు పులకరించింది.

అంతలో జేబులో ఫోను మోగింది. కొండల్లో చిక్కుకున్నవాళ్లను వెతికే దళంలో అతనూ సభ్యుడే. సందేశం పంపింది దళనాయకురాలు, అతని పెద్దమ్మ బోర్గిల్డ్. "కొండమీద ఎవరో చావుకేక పెట్టారు. అందరూ వెంటనే రండి."

వెళ్లకపోతే ఎక్కడున్నావని అడుగుతుంది. గుప్పెడు నాచు పీకి ముఖం తుడుచుకుని, దాన్ని అక్కడే పారేసి, కొండ కింద దళం కలిసే చోటికి పరుగెత్తాడు. రికార్డరు సంగతి మర్చేపోయాడు.

"ముఖమేంట్రా అలా ఉంది?" అంది పెద్దమ్మ.

"పొయ్యి శుభ్రం చేస్తున్నా పెద్దమ్మా. ఇంతకీ అది నక్కేమో?"

"నక్కేంటి బాబూ!" అంది ఆ కేక విని ఫోను చేసినావిడ. అడవి పళ్లు ఏరుకోవడానికి వచ్చిందట. "నక్కకంత దుఃఖం ఎక్కడిది? లోకంలో నా అనేవాళ్లు లేని మనిషి గొంతది."

"నిజంగా అలా అనిపించిందాండీ?"

"ఇంకా గుండెదడ తగ్గలేదంటే నమ్ము!"

ఆరేళ్లలో అతనికి దక్కిన మొదటి మెచ్చుకోలు అది. నిజం చెప్పేద్దామని తెరిచిన నోరు ఆ సంతోషంలో మూతపడింది. మళ్లీ తెరుచుకునేలోపు ఊరు కదిలింది. దుకాణం మూసి షావుకారు వచ్చాడు. బ్యాండుమేళం వాళ్లు సాధన మానేసి, దారి తప్పినవాడికి వినబడతాయని బాకాలతో సహా వచ్చారు. ఎవరో వాఫిళ్లనే తీపి అట్లు పోయడానికి పెనం దించారు. పట్నం నుంచి హెలికాప్టరు బయల్దేరింది.

"ఎక్కడున్నావయ్యా? భయపడకు, వస్తున్నాం!" అని అడవంతా పిలుపులే. ఔడున్ కూడా పిలిచాడు.

"గట్టిగా పిలవరా! పసిపిల్లలతో తిరిగీ తిరిగీ నీకు గొంతే లేకుండా పోయింది" అంది పెద్దమ్మ.

ఇంతలో రంగు అంటిన నాచు దొరికింది. పెద్దమ్మ దాన్ని తన కుక్క తూస్సాకు వాసన చూపించింది. తూస్సా నేరుగా వచ్చి ఔడున్ ముందు కూర్చుని మొరిగింది.

"నీ జేబులో సాసేజ్ ఉందా?"

"ఉంది పెద్దమ్మా."

"దానికి పెట్టెయ్. పని చెడగొట్టకు."

తూస్సా సాసేజ్ తిని, అడవంతా ఒక చుట్టు చుట్టి, మళ్లీ అతని ముందే కూర్చుంది. "తిండియావ తప్ప ఇంకేం లేదు దీనికి" అని పెద్దమ్మ దాన్ని తీసుకెళ్లి కారులో పెట్టి తలుపేసింది.

హెలికాప్టరు నెత్తిమీద తిరుగుతుండగా, ఇంకా నడుస్తూనే ఉన్న రికార్డరు దొరికింది. అందరూ మూగారు. పెద్దమ్మ మొదటినుంచీ పెట్టింది. అరుపు వినగానే షావుకారు టోపీ తీశాడు. ఆ వెంటనే, బడిలో పిల్లలను మెచ్చుకునే గొంతు ఒకటి వినబడింది. "హమ్మయ్య, అదిరిపోయింది!" తరువాత ఫోను మోత. "అయ్యో, పెద్దమ్మ! చచ్చాను!"

అందరూ ఔడున్ వైపు తిరిగారు.

"ఎందుకురా అరిచావు?"

"సంగీతం పెద్దమ్మా."

ఆవిడ అతణ్ని పైనుంచి కిందిదాకా తడిమి చూసింది. "నీకేం కాలేదుగా?"

"లేదు."

"అయితే సరే. వాఫిలు తిను, చల్లారిపోతోంది."

తిట్టినా బాగుండేది. వాఫిలు మీద జున్ను పెట్టించుకుంటుంటే ఔడున్‌కు సిగ్గుతో ఏడుపొచ్చింది.

సాయంత్రం ఇల్లు చేరాక, అరుపు వరకు కత్తిరించే ఓపిక కూడా లేక, ఉన్నదంతా రాల్ఫ్‌కు పంపేసి పడుకున్నాడు. పొద్దున్నే రాల్ఫ్ ఫోను.

"అరుపు సరేనయ్యా! ఆ తరువాత దూరంగా వెతుకుతున్న ఆత్మలు, ఆ బాకాలు, ఆ రాకాసి రెక్కల చప్పుడు! అరుపు వెనకే వచ్చే ఆ పాత నార్వే మంత్రమైతే మహాద్భుతం. ఏ యంత్రంతో చేశావు ఇదంతా?"

"మా ఊరితో" అన్నాడు ఔడున్.

క్యాసెట్ వచ్చింది. ‘కనుచూపు మేరలో మనిషి జాడ లేనివాడు మాత్రమే చేయగల సంగీతం’ అని రాశారు ఆ సంగీతం తెలిసిన విమర్శకులు. ఉన్నవన్నీ అమ్ముడుపోయాయి. పెద్దమ్మ కూడా ఒకటి కొని, కళ్లజోడు పెట్టుకుని అట్ట వెనక చదివింది. ‘వాయిద్యాలు, గానం, సమస్తం: ఒక్కడే’ అని ఉంది.

"ఒక్కడేనా? మరి కొండంతా తిరిగి గొంతులు పోగొట్టుకున్నదెవర్రా?"

రెండోసారి వేసిన క్యాసెట్ల మీద ఊరందరి పేర్లూ ఉన్నాయి. సంప్రదాయం ప్రకారం ఔడున్ పేరు మాత్రం లేదు. మొదటి పేరు తూస్సాది. ఆ రోజు వెతికినవాళ్లలో మనిషిని పట్టుకున్నది అదొక్కతే.