పదకొండు గళ్ల పలక

యుద్ధకాలంలో అన్యాయంగా జైలుపాలైన మహనీయుల పేర్లను రాతిమీద చెక్కిస్తామని సాంస్కృతిక మంత్రిగారు ప్రకటించారు. యుద్ధం ముగిసి ముప్పై నాలుగేళ్లే అయింది. ప్రభుత్వం ఇంత తొందరగా కదలడం చూసి జనం నివ్వెరపోయారు.

చిక్కల్లా ఒక్కటే. ఆ జైలు రిజిస్టర్లు యుద్ధంలో తగలబడిపోయాయి. అయితే మంత్రిగారి మేధస్సుకు అదొక అడ్డా? ఆ జైల్లో పద్నాలుగు నెలలు మగ్గిన రచయితగారు బయటికొచ్చాక తన అనుభవాలతో ఒక నవల రాశారు. ఆ నవలనే అధికారిక రికార్డుగా గుర్తిస్తూ జీవో వచ్చింది. నవల్లో ఖైదీలు పదకొండు మంది. కాబట్టి పదకొండు గళ్లతో నల్లరాతి పలక కూడా వచ్చేసింది. ఏ పాత్ర తమవాళ్లదో రుజువు చూపి దరఖాస్తు పెట్టుకోమన్నారు.

తన రాతను ప్రభుత్వమే ఇంతగా నమ్మినందుకు రచయితగారికి రెండు రోజులు కాళ్లు నేలమీద ఆనలేదు. మూడోరోజు పొద్దున దర్జీ భార్య వచ్చింది. దర్జీ ఆయనతో పాటు అదే గదిలో ఉండి, అక్కడే పోయిన మనిషి.

"అన్నయ్యగారూ, లిస్టులో మా ఆయన పేరు లేదటండీ."

నవల్లో 'బట్టతలాయన' అని ఎప్పుడూ దగ్గుతుండే ఒక ఖైదీ ఉన్నాడు. బట్టతల దర్జీది, దగ్గు ఇంకో ఖైదీ అయిన అచ్చాఫీసు కంపోజిటర్‌ది.

"పుస్తకం బరువెక్కుతుందని ఇద్దర్నీ కలిపి ఒక్క మనిషిని చేశానమ్మా."

"బతికున్నప్పుడు దేశద్రోహి అన్నారు. పోయాక సగం మనిషిని చేశారా? మా వీధిలో ఇప్పటికీ 'ద్రోహి ఇల్లు' అంటేనే గుర్తుపడతారండీ. ఆ రాతిమీద పేరు పడితే నోళ్లు మూతపడతాయని ఆశపడ్డాను."

లోపల్నించి రచయితగారి భార్య అందుకుంది. "బరువెక్కితే వెన్నెల తీసేయాల్సింది! కిటికీ లేని గదిలో తొమ్మిది పేజీల వెన్నెల రాశారు."

రచయితగారు చెప్పులేసుకుని, దర్జీ భార్యను వెంటబెట్టుకుని మంత్రిగారి శాఖ ఆఫీసుకు వెళ్లారు. సెక్షన్ ఆఫీసరు చాలా నిక్కచ్చి మనిషి.

"ఒక మనిషికి రెండు పేర్లు ఎలా చెక్కుతాం సార్?"

"నిజానికి ఇద్దరండీ."

"నవల్లో ఒకరేగా? కంపోజిటర్‌గారి అబ్బాయి వాళ్ల నాన్న దగ్గుకి డాక్టరు సర్టిఫికెట్ పెట్టాడు. బట్టతలకి సర్టిఫికెట్ ఉందా?"

"నవల్లో ఉన్నదంతా నిజం కాదు బాబూ. అందులో దయగల జైలరు లేడూ? అలాంటివాడు అసలు లేనే లేడు. ఒక్క మంచి జైలరైనా ఉండాలని సెన్సారువాళ్లు పట్టుబడితే పెట్టాను."

ఆఫీసరు లేచి తలుపు మూశాడు. "మెల్లగా! ఆయన మంత్రిగారి నాన్నగారు. జైలు గేటు దగ్గర ఆయన విగ్రహం లేస్తోంది." తర్వాత జాలిపడి ఉపాయం చెప్పాడు. "సవరించిన ప్రతి రాసి తెండి. బట్టతలాయన్ని ఇద్దర్ని చేసేయండి."

రచయితగారు నాలుగు రోజులు కూర్చుని రాశారు. ముప్పై నాలుగేళ్ల తర్వాత దర్జీకి తన సూది, తన నవ్వు తిరిగొచ్చాయి.

ఆ ప్రతి చూసి ఆఫీసరు వేళ్లమీద లెక్కపెట్టాడు. "ఇప్పుడు పన్నెండు మందయ్యారే! పలకకి పదకొండే గళ్లు. ఒకర్ని తీయాలి."

"ఎవర్ని తీస్తారు?"

"ఇందులో 'నేను' అని ఒకడున్నాడు చూడండి, వాడి తరఫున ఎవరూ దరఖాస్తు పెట్టలేదు."

"అది నేనే కదయ్యా!"

ఆఫీసరు మొదటి పేజీ తిప్పి చూపించాడు. 'ఇందులోని పాత్రలన్నీ కేవలం కల్పితాలు' అని, కింద రచయితగారి సంతకం. "మిగతావాళ్లంతా కల్పితం కాదని అఫిడవిట్లు ఇచ్చారు సార్."

"నేనూ ఇస్తాను."

"నిక్షేపంగా ఇవ్వండి. దర్జీగారు ఆగిపోతారు, అంతే."

రచయితగారు వెనక్కి తిరిగి చూశారు. గుమ్మం బయట బల్లమీద దర్జీ భార్య ఒళ్లో చేతులు పెట్టుకుని, తలుపుకేసే చూస్తూ కూర్చుంది. దేవుడి దగ్గర రిజిస్టరు కాలిపోయి ఉండదులే అనుకున్నారాయన. కలం తీసి, మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా 'నేను' ఎక్కడుంటే అక్కడ కొట్టేశారు. సాయంత్రమైంది.

ఆవిష్కరణ ఘనంగా జరిగింది. దర్జీ భార్య జనాన్ని తోసుకుని వెళ్లి, పదకొండో గడిలో ఉన్న పేరుని వేలితో మెల్లగా తడిమింది. ఒకసారి చాలక మళ్లీ తడిమింది.

మంత్రిగారు సవరించిన నవలను విడుదల చేసి, తండ్రిగారి విగ్రహం కింద నిలబడి రచయితగారి భుజం తట్టారు.

"ఎంత కళ్లకు కట్టినట్టు రాశారండీ! జైలు గడప తొక్కని మనిషి రాశాడంటే నమ్మబుద్ధి కాదు. మా నాన్నగారు ఉండుంటేనా, మిమ్మల్ని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లి, అన్నీ దగ్గరుండి చూపించేవారు!"