జింకన్న చేవ్రాలు

ఇకమీదట ఆనందవనం పార్కులోని జంతువేషాలు పుస్తకాల మీద సంతకాలు చేయవనీ, ప్రజల బట్టల మీద మాత్రమే చేస్తాయనీ రాష్ట్ర వినోదవనాల సంస్థ చైర్మన్ వీరేందర్ గారు శామీర్‌పేటలో ప్రకటించారు. ఇలాంటి నిర్ణయం ప్రపంచంలో మరెవరూ తీసుకోలేదని కూడా ఆయనే చెప్పారు. ఆ మాట నిజమే.

"పుస్తకం బీరువల ఉంటది. బట్ట ప్రజల ఒంటి మీద ఉంటది. మనం ఎక్కడుండాలె?" అని విలేకరులను అడిగారు. బీరువాలో అని ఎవరూ అనలేదు. ఈ పేపర్‌లెస్ పాలసీ వల్ల చెట్లు మిగులుతాయి, నేత కార్మికులకు పని దొరుకుతుంది, పిల్లల సంచుల బరువు తగ్గుతుంది అని ఆయన వివరించారు. తర్వాత ఉప్మా పెట్టారు, కాగితపు ప్లేట్లలో.

చైర్మన్ గారి పక్కన మూడడుగుల తలకాయతో, కొమ్ములతో నిలబడి ఉన్నది జింకన్న. ఆనందవనంలో నెమలక్క, తాబేలు తాత కూడా ఉన్నా, పిల్లల గిరాకీ అంతా జింకన్నకే. ఆ జింక లోపల సిద్దిరాములు ఉంటాడు. నాలుగేళ్ళుగా ఉంటున్నాడు. అలియాబాద్ బడిలో ఐదో తరగతి దాకా చదివాడు. గిట్టల తొడుగు వేసుకుని కూడా గుండ్రటి అక్షరాలతో 'జింకన్న' అని రాయగలడు. వేషంలో ఉన్నంతసేపు మాట్లాడకూడదు, తల ఊపాలి. ఈ నియమం సంస్థలో పనిచేసేవాళ్ళందరికీ ఉన్నదే గానీ, సిద్దిరాములు ఒక్కడికే రాసి ఇచ్చారు.

పాలసీ పుట్టడానికి కారణం వేరే ఉంది. కొంపల్లిలో ఉండే స్నిగ్ధ అనే ఆరేళ్ళ పిల్ల తన పుస్తకంలో జింకన్న చేత సంతకం పెట్టించుకుంది. సిద్దిరాములు సంతకం కింద తేదీ కూడా వేశాడు. బడిలో అట్లాగే నేర్పారు. రికార్డు ప్రకారం ఆ తేదీతో కలిపి పది రోజులు ఆనందవనం మరమ్మతుల కోసం మూసి ఉంది. పిల్ల తండ్రి ఆడిట్‌లో పనిచేస్తాడు. మూసిన పార్కులో సంతకం పెట్టిందెవరని ఆయన రాసి అడిగాడు. అది జింక సొంత నిర్ణయమని సంస్థ జవాబిచ్చింది.

దాంతో చైర్మన్ గారికి కాగితం మీద ఉన్న కాస్త నమ్మకమూ పోయింది. నిజానికి మొదటినుంచీ పెద్దగా లేదు. రెండేళ్ళ పదవిలో ఆయన ఒక్క కాగితం మీద సంతకం చేయలేదు. ఆకుపచ్చ సిరా పెన్ను జేబులో ఉంటుంది, దాని మూత ఎవరూ తీయగా చూడలేదు. ఫైలు వస్తే పెన్సిల్‌తో 'మాట్లాడగలరు' అని రాస్తారు. వెళ్ళి మాట్లాడితే 'రాసి పంపండి' అంటారు. ఇంత జాగ్రత్తగా ప్రజాసేవ చేసినందువల్లే ఆయన మీద ఇప్పటివరకు ఒక్క కేసు లేదు.

"కాయితం మీద సంతకం జేస్తే పదేండ్లకైనా వచ్చి తలుపు కొడ్తది," అని సూపరింటెండెంట్ దుర్గాబాయికి ఆయన బోధించారు. "బట్ట మీదిది రెండు ఉతుకులకు పోతది."

దుర్గాబాయి ఆ సారాంశంతో సర్క్యులర్ తయారు చేసింది. పాలసీకి కట్టుబడి దాన్ని దిండు గలీబు మీద అచ్చు వేయించింది.

సిద్దిరాములుకు కావలసింది కూడా ఒక సంతకమే. అతన్ని ఏజెన్సీ కూలీ నుంచి పర్మినెంటు చేయాలనే ఫైలు చైర్మన్ గారి టేబుల్ మీద ఉంది. దాని మీద పదకొండుసార్లు 'మాట్లాడగలరు' అని ఉంది. అతని భార్య లక్ష్మీకాంతమ్మ గుండెలో ఒక కవాటం సరిగా మూసుకోవడం లేదు. ఆపరేషన్ వానాకాలం దాకా ఆపొద్దని డాక్టరు చెప్పాడు. పర్మినెంటు అయితే హెల్త్ కార్డు వస్తుంది. చైర్మన్ గారి పదవి నెలాఖరుకు అయిపోతుంది. కొత్తగా వచ్చేవారు ఫైళ్ళన్నీ మళ్ళీ మొదటినుంచి చూస్తారని అందరికీ తెలుసు.

"దినాం ఎంతమందికి సంతకం జేస్తున్నవ్?" అని లక్ష్మీకాంతమ్మ మంచం మీదినుంచి అడిగింది.

"నాలుగొందల మందికి. ఐతారమైతే ఆరొందలు."

"నాకొక్కటి దెచ్చుడు గాకపాయె."

"నాది నీకెందుకు పనికొస్తదే? చైర్మన్ సార్‌ది గావాలె."

"గాయినకు చేతులున్నయా?"

"ఉన్నయి. ఊపుతడు."

ఆమె అటు తిరిగి పడుకుంది. ఎక్కువ మాట్లాడితే ఆయాసం వస్తుంది.

పాలసీ అమలైన మొదటిరోజు గేటు దగ్గర పుస్తకాల కోసం అందరినీ తనిఖీ చేశారు. బీరు సీసాలు దొరికాయి గానీ వాటి సంగతి సర్క్యులర్‌లో లేదు కాబట్టి తిరిగి ఇచ్చేశారు. జనం విరగబడి వచ్చారు. లా చదివే పిల్లలు నల్లకోట్లు తెచ్చారు. జింక సంతకం ఉంటే జడ్జి నవ్వుతాడనీ, నవ్విన జడ్జి వాయిదా వేయడనీ వాళ్ళ వాదన. కౌకూర్ నుంచి గౌరయ్య అనే పెద్దమనిషి కొత్త ధోవతి తెచ్చాడు.

"జర సిన్నగ వెట్టు బిడ్డా. మా అల్లుడు గట్టుకునేది."

ఒకతను అక్కడికక్కడే అంగీ విప్పి బనీను చూపించాడు. అంగీ వాళ్ళ అన్నదట. సిద్దిరాములు అందరికీ పెట్టాడు. తేదీ మాత్రం వేయలేదు.

మధ్యాహ్నం ఒక బస్సులో నలభై మంది దిగారు. ఏదో పార్టీలో చేరడానికి మేడ్చల్ పోతున్నారు, దారిలో ఆగారు. సంచిలోంచి కొత్త కండువాలు తీసి జింకన్న చేత సంతకాలు పెట్టించుకుని, అక్కడే మెడలో వేసుకుని ఫోటోలు దిగారు. ఆ ఊపులో మేడ్చల్ పోవడం మరిచిపోయి ఇళ్ళకు వెళ్ళారు. తెల్లారి పేపర్లో 'జింకన్న సమక్షంలో నలభై మంది చేరిక' అని పడింది.

చైర్మన్ గారు జింకను పిలిపించారు.

"ఏ పార్టీల జేర్చుకున్నవయ్యా?"

జింక తల అడ్డంగా ఊపింది.

"ఏ పార్టీ గాదా? ఇండిపెండెంటా?"

జింక రెండు గిట్టలూ జోడించి, టేబుల్ మీది ఫైలు వైపు చూపించింది. ఫైలు మీద చైర్మన్ గారి టిఫిన్ డబ్బా ఉంది.

"ఆకలైతే బయట క్యాంటీన్ ఉన్నది. ముందుగాల గీ ముచ్చట జెప్పు. నీ ఎనుక ఎవరున్నరు?"

జింక వెనక్కి తిరిగి చూసింది. తోక ఉంది.

"సార్, డ్యూటీల మాట్లాడొద్దని మనమే నోటీసిచ్చినం," అంది దుర్గాబాయి.

"మంచి పని జేసినం," అన్నారు చైర్మన్ గారు. కాసేపు పేపర్లో ఫోటోను చూశారు. "నలభై మంది. ఉత్త జింకకు. రెండేండ్ల సంది తిరుగుతున్న, నా మీటింగుకు ఎన్నడన్న గింతమంది వచ్చిండ్రా మేడమ్?"

"బిర్యానీ వెట్టినప్పుడు వచ్చిండ్రు సార్."

"ఇరవై ఎనిమిది నాడు వస్త్ర సంతకాల మహోత్సవం వెట్టుండ్రి. జింక పక్కన నేను గూడ గూసుంట. నేనే సంతకాలు జేస్త."

వీరేందర్ గారు సంతకం చేస్తారన్న మాట ఆ ఆఫీసు గోడలు మొదటిసారి విన్నాయి. జింక తలకాయ లోపల సిద్దిరాములు చెమట తుడుచుకోబోయి గిట్టతో కన్ను పొడుచుకున్నాడు.

ఆ సాయంత్రమే మేడ్చల్‌లో టీషర్టులు అచ్చువేసే అన్వేష్ షాపుకు వెళ్ళాడు. జింకకు పట్టేంత పెద్ద తెల్ల టీషర్టు కావాలన్నాడు. దాని మీద అచ్చు వేయాల్సింది దుర్గాబాయి మేడమ్‌ను అడిగి ఒక చీటీలో రాసుకొచ్చాడు. అన్వేష్ చదివాడు.

"కాకా, 'ఏజెన్సీ ద్వారా జింక వేషములో పనిచేయుచున్న శ్రీ సిద్దిరాములు తండ్రి కీర్తిశేషులు రామయ్య నివాసము అలియాబాద్', గిదంత ఏస్తే అక్షరాలు చీమలోలె వడ్తయి. మీ సార్‌కు కనవడ్తదా?"

"అద్దాలు వెట్టుకోడు."

"మరింక. పార్కుల జింకెవరు?"

"నేనే."

"ఇంకో జింక ఉన్నదా?"

"లేదు."

"అయిపాయె. 'జింకను పర్మినెంటు చేయడమైనది.' మస్తు పెద్దక్షరాలు. కింద సంతకానికి జాగ ఇడుస్త."

సిద్దిరాములు సరేనన్నాడు. నాలుగేళ్ళలో పార్కులో అతన్ని ఎవరూ వేరే పేరుతో పిలవలేదు.

మహోత్సవం ఘనంగా జరిగింది. మొదటి సంతకానికి చైర్మన్ గారు మార్కర్ మూత తీసి, మళ్ళీ పెట్టి, మళ్ళీ తీశారు. ఎవరిదో చిన్నపిల్ల గౌను. రెండోదానికి కుదురుకున్నారు. ఇరవయ్యోదానికి ఆయన ముఖంలో, ఇన్నాళ్ళు ఎవరో తనను ఇందులోంచి తప్పించి ఉంచారన్న బాధ కనిపించింది. లుంగీలు, దుపట్టాలు, పోలీసు టోపీ, ఒక గొడుగు. గొడుగు బట్టేనా కాదా అని చర్చ జరిగి, బట్టేనని తేలింది. అప్పుడు జింకన్న తెల్ల టీషర్టు వేసుకుని వచ్చి ఆయన ముందు వంగి నిలబడింది.

"జింకకు గూడ నా సంతకం గావాల్నా," అని చైర్మన్ గారు మురిసిపోయారు. మార్కర్ ఎండిపోయింది. జేబులోంచి ఆకుపచ్చ పెన్ను తీసి, మూత తెరిచి, జింక పొట్ట మీద పూర్తి పేరుతో, హోదాతో సంతకం చేశారు. అక్షరాలు పెద్దవే. ఆయన చదవలేదు. చదివితే సంతకం చేయకూడదని ఆయనకు తెలుసు.

జనం చప్పట్లు కొట్టారు. సిద్దిరాములు లోపల ఏడ్చాడు. బయట జింక నవ్వుతూనే ఉంది. దాని నోరు అట్లా కుట్టారు.

టీషర్టును దుర్గాబాయి ఇన్‌వర్డ్ రిజిస్టరులో ఎక్కించి, నంబరు చీటీని పిన్నీసుతో కాలరుకు గుచ్చి, హ్యాంగర్‌కు తగిలించి బీరువాలో పెట్టింది. సంగతి తెలిసి చైర్మన్ గారు ఫోన్ చేశారు.

"అది ఉత్త బట్ట గద మేడమ్. ఎట్ల చెల్లుతది?"

దుర్గాబాయి గలీబు తీసి చదివింది. "సంస్థ పరిధిలో సంతకములన్నియు వస్త్రముల మీద మాత్రమే చెల్లును. మీ పాలసీనే సార్."

చైర్మన్ గారు దారి మార్చారు.

"ఎవరా జింక? మనోడేనా?"

"మన స్టాకు రిజిస్టర్ల ఉన్నది సార్. నాలుగేండ్లాయె."

"అయితే కానీయుండ్రి," అని ఆయన పెట్టేశారు. రెండు రోజులకు పదవి దిగారు. దిగిపోతూ ఒక బడుగు ఉద్యోగికి న్యాయం చేశారని పేపర్లు రాశాయి.

ఒకటో తారీఖున సిద్దిరాములు దవాఖాన కాగితాలు సంచిలో పెట్టుకుని పనికి వచ్చాడు. బట్టలు మార్చుకునే గదిలో జింక లేదు. తాబేలు తాత వేషం వేసేవాణ్ణి అడిగితే, ఆఫీసు వైపు చూపించి ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు. అతను డ్యూటీలో ఉన్నాడు.

ఆఫీసులో, దుర్గాబాయి పక్క టేబుల్ దగ్గర, కుర్చీలో జింకన్న కూర్చుని ఉంది. ఖాళీ చర్మం కూలిపోకుండా లోపల పాత ఫైళ్ళు కుక్కారు. పైన ఫ్యాను తిరుగుతోంది. ముందు పేరు పలక ఉంది. హాజరు పట్టీలో ఆ రోజుకు టిక్కు పడింది. వరండాలో జనం బట్టలు పట్టుకుని వరుస కట్టారు.

"మేడమ్, గా జింక నేనే," అన్నాడు సిద్దిరాములు.

"నువ్వు ఏజెన్సీ మనిషివి. ఆర్డర్ల నీ పేరు యాడున్నది?"

"లోపలుండేది నేనే గద మేడమ్."

"లోపలున్నది రికార్డుల లేదు. జింక ఉన్నది. స్టాకు రిజిస్టర్, పద్నాలుగో నంబరు."

"మరి నన్ను లోపటికి పోనీయరా ఇగ?"

"పర్మినెంటు ఉద్యోగి లోపటికి బయటోళ్ళు పోతరా ఏందయ్యా?" దుర్గాబాయికి నిజంగానే కష్టం వేసింది. ఆమె చెడ్డమనిషి కాదు. ఏజెన్సీకి ఫోన్ చేసి, జింక పర్మినెంటు అయింది కాబట్టి ఇక మనిషి అవసరం లేదని చెప్పాల్సి వచ్చినప్పుడు కూడా ఆమె రెండుసార్లు ఆలోచించింది.

"హెల్త్ కార్డు మేడమ్?"

"వచ్చింది." సొరుగులోంచి తీసి చూపించింది. పేరు: జింక. వయసు: నాలుగు. భార్య అనే చోట ఖాళీగా ఉంది.

సిద్దిరాములు ఆ ఖాళీ మీద వేలు పెట్టాడు.

"గీడ మా ఆమె పేరు ఎక్కియ్యొచ్చునా?"

"ఎందుకెక్కియ్యరు? లక్ష్మీకాంతమ్మ నా భార్య అని ఉద్యోగి రాసి సంతకం జెయ్యాలె. బట్ట మీద."

అతను గబగబా కుర్చీ దగ్గరికి పోయి, జేబురుమాలు టేబుల్ మీద పరిచి, జింక గిట్టలో చెయ్యి పెట్టబోయాడు.

"ఏయ్. సర్కారు ఉద్యోగిని ముట్టుకుంటే కేసయితది. పోయి లైన్ల నిలవడి అడుగు."

అతను వరండాలోకి వచ్చి వరుస చివర నిలబడ్డాడు. ముందున్న ముసలాయన చేతిలో మనవడి చొక్కా ఉంది. పొద్దున్నుంచి వరుస ఒక్క అడుగు కూడా కదల్లేదని చెప్పాడు.

"నీదేం పనయ్యా?"

"మా ఇంటామెను తన పెండ్లామని రాసియ్యమని అడగాలె."

ముసలాయన ఆలోచించాడు. "రాసిస్తడంటవా?"

సిద్దిరాములు కిటికీలోంచి కుర్చీ వైపు చూశాడు. జింక నవ్వుతోంది.

"మంచోడే," అన్నాడు. "నాకు నాలుగేండ్ల సంది ఎరుక."