ఎనిమిది ఇటుకల పెట్టె

నీళ్లు కొట్లలో రెండో అరదాకా వచ్చిన వరద తర్వాత అది మూడో ఏడు. పెట్టెలు బాగుచేసే మేస్త్రి, అతని భార్య ఆ పొద్దున తొమ్మిది గంటల బస్సుకి బయలుదేరాలనుకున్నారు. ఆమె అక్క కొత్త ఇల్లు కట్టుకుంది. గుమ్మం ముందు మెట్టు ఒక్కటే మిగిలిపోయిందనీ, కాలు చూసుకుని ఎక్కమనీ ఫోన్లో చెప్పింది.

ఊరందరి పెట్టెలూ బాగుచేసే ఆ ఇంట్లో సొంతానికి సరైన పెట్టె లేదు. కిందటిసారి భార్య గుడ్డసంచీతో వెళ్లింది. "మా మరిది ఊరికి పెట్టెలు బాగుచేస్తాడు, పెళ్లానికి మాత్రం సంచీ చాలనుకుంటాడు" అని అక్క పదిమందిలో అంది. ఆ మాట ఈమె మర్చిపోలేదు.

"ఈసారి పెట్టె ఉంటేనే వస్తాను. లేకపోతే మీరొక్కరే వెళ్లిరండి" అని వారం నుంచి చెబుతోంది.

మేస్త్రి అటక మీది పాత పచ్చ సూట్‌కేసు దింపి కొత్త పిడి వేశాడు. పిడి వేసిన ఏ పెట్టెనైనా ఎనిమిది ఇటుకలు నింపి, మర్నాటిదాకా కొక్కేనికి వేలాడదీయడం అతని పద్ధతి. దీన్నీ అలాగే వేలాడదీశాడు. పొద్దున చూస్తే పిడి కదల్లేదు.

"పచ్చ పెట్టె. సర్దుకో" అని చెప్పి గడ్డం గీయించుకోవడానికి వెళ్లాడు. అతనికి అంతకంటే ఎక్కువ మాట్లాడే అలవాటు లేదు.

కొట్లో పచ్చ పెట్టెలు రెండున్నాయి. రెండోది ఆస్పత్రి నర్సమ్మది. ఇటుకల పరీక్ష అయిపోయి ఖాళీగా గోడవార ఉంది. దాని మీద ఒక్క గీత లేదు. ఈయన తనకోసం రంగు కూడా వేశాడనుకుంది భార్య. చీరలు, చొక్కాలు, అక్కకి కొన్న దుప్పటి అందులో సర్ది, తలుపు దగ్గర పెట్టి స్నానానికి వెళ్లింది.

కొట్టు చూసుకోవడానికి వచ్చిన ఆమె తమ్ముడు అప్పుడే కూర్చున్నాడు. నర్సమ్మ వచ్చింది.

"అదిగో నాది. ఇంత బరువుందేమిటి బాబూ?"

"ఇటుకలమ్మా. మా బావ ఇటుకలు పెట్టి చూస్తేగాని ఇవ్వడు."

"ఇప్పుడు తీయించే టైము లేదు. డ్యూటీకి పోవాలి."

"ఇంటికెళ్లాక పారేయండి. పనికొచ్చేవేం కావు."

ఆమె ఆటో ఎక్కింది. ఇక మిగిలింది బావ వాళ్లదే, సర్దేసి ఉంటారు గదా అని, తమ్ముడు కొక్కెం మీది పెట్టె దింపి తలుపు దగ్గర పెట్టాడు.

మేస్త్రి వచ్చి పెట్టె ఎత్తాడు. ఆడవాళ్లు నాలుగు రోజులకి సర్దితే ఇంతే ఉంటుందనుకున్నాడు. దాన్ని బస్సులోకి లాగిన కండక్టరు "ఇల్లు కట్టడానికి పోతున్నారా పెద్దాయనా?" అన్నాడు.

"మా ఆయన వేసిన పిడి. ఏనుగునైనా మోస్తుంది" అంది భార్య. దారి పొడుగునా ఆమె నవ్వుమొహంతోనే ఉంది.

అక్క ఇంట్లో ఇరుగుపొరుగు కూడా ఉన్నారు. "అబ్బో, పెట్టే. ఏం తెచ్చావో చూడనీ" అంది అక్క. భార్య పెట్టెని అందరికీ కనబడేలా నడిమధ్య పెట్టి తెరిచింది. నాలుగేసి చొప్పున రెండు వరసల ఇటుకలు.

 అక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "ఏమే, నాలుగు రోజులకీ ఇవేనా నీ చీరలు?"

భార్య కళ్లలో నీళ్లు తిరిగాయి. మేస్త్రి ఇటుకల వైపు చూశాడు. తర్వాత గుమ్మం వైపు చూశాడు.

"మెట్టుకి" అన్నాడు.

కొంగు కిందికి దిగింది. "మా మెట్టుకా? అంత దూరం నుంచి మోసుకొచ్చారా మరిదీ?"

"ఊఁ."

"ఈయన ఆరు నెలలైంది, పక్క వీధిలోంచి తేలేకపోయారు" అంటూ అక్క మొగుడి వైపు తిరిగింది. ఆ పూటంతా అటే తిరిగి ఉంది.

"బట్టలు తమ్ముడు వెనకాల తెస్తున్నాడక్కా" అంది భార్య, నోటికి వచ్చింది అనేసి. సాయంత్రం బస్సుకి తమ్ముడు నిజంగానే దిగాడు. నర్సమ్మ అతన్ని చెడామడా తిట్టి, బట్టలు కుమ్మరించి, తన పెట్టె తను పట్టుకుపోయిందట. అందుకని ఆ బట్టలన్నీ పాత గుడ్డసంచీలో తెచ్చాడు. అక్క ఆ సంచీని చూసింది గాని ఏమీ అనలేదు.

మర్నాడు పొద్దున్నే మేస్త్రి సిమెంటు కలిపాడు. జన్మలో తాపీ పట్టినవాడు కాడు. అయినా ఎనిమిది ఇటుకలతో మెట్టు కట్టి, ఒక రోజు ఆరనిచ్చి, తన పద్ధతి ప్రకారం వదినని దాని మీద పావుగంట నిలబెట్టి చూశాడు.