మా ఆయన హార్మోన్ తగ్గిన శుభవేళ

మగవాళ్ళలో మగతనపు హార్మోన్ తగ్గిపోతే దాన్ని జబ్బు అంటున్నారు. నేను ఒప్పుకోను. అది ఇల్లాళ్ళకు దేవుడు కాస్త ఆలస్యంగా పంపిన కానుక. దానికి మందు కనిపెట్టిన వాళ్ళు ఒక్కసారి మన ఇళ్ళల్లోకి తొంగి చూసి ఉంటే ఆ సీసా మూత తెరిచేవాళ్ళే కాదు.

నమ్మకం కలగకపోతే మా ఆయన్నే చూడండి. పేరు ఫిక్రీ. మా అలెగ్జాండ్రియాలో ట్రామ్ నడిపి నిరుడు రిటైరయ్యారు. ట్రామ్ డ్రైవర్ బతుకు మీకు తెలుసుగా? ఎవడో పట్టాల మీద కారు ఆపి శాండ్‌విచ్ కొనుక్కోవడానికి పోతాడు. ట్రామ్ పక్కకు తప్పుకోలేదు. కాబట్టి డ్రైవర్‌కు నోరుండాలి. ఆ నోరు డ్యూటీ దిగాక కూడా ఆయనతోపాటే ఇంటికి వచ్చేది. కూరలో ఉప్పు ఎక్కువైనా, మెట్ల మీద ఎవరైనా బకెట్టు పెట్టినా, ఆయన లెక్కలో అది పట్టాల మీద ఆపిన కారే.

అలాంటి మనిషి చలికాలం నుంచి మెత్తబడ్డారు. పలకరిస్తే సోఫాలోంచే చిన్నగా నవ్వడం, కూర్చున్న చోటే కునుకు తీయడం. నేను భయపడ్డాను. కుక్కర్ విజిల్ ఆలస్యమైతే పేలుతుందని, తొందరగా వస్తే గ్యాస్ ఎక్కువ పెట్టానని కంగారుపడే మనిషిని. ముందు ఇంకొకత్తె ఉందనుకున్నాను. తర్వాత కేన్సర్ అనుకున్నాను. రెండూ కలిసే వచ్చాయేమోనని కూడా అనుకున్నాను.

మా అబ్బాయి వాయెల్ జిమ్‌లో కసరత్తులు నేర్పుతాడు. వాడే తండ్రిని ల్యాబుకు తీసుకెళ్ళి రక్తపరీక్ష చేయించాడు. "నాన్నకి మగ హార్మోన్ అడుగంటిందమ్మా" అని వచ్చి చెప్పాడు, ట్యాంకులో నీళ్ళ సంగతి చెప్పినట్టు.

అడుగంటితే అంటనివ్వండి!

ఆ అడుగంటిన మనిషి పొద్దున్నే వంటింట్లో నా ఎదురుగా కూర్చుని కూరలోకి ములూఖియా ఆకు గిల్లుతున్నారు. పై ఫ్లాట్ వాళ్ళు తివాచీ దులిపితే దుమ్మంతా మా దుప్పట్ల మీద పడింది. ఆయన బాల్కనీలోకి వెళ్ళారు. నేను ఊపిరి బిగబట్టాను. "పాపం, ఎన్నాళ్ళ దుమ్మో" అని లోపలికి వచ్చేశారు. సీరియల్లో పిల్లకు నిశ్చితార్థం చెడిపోతే నాకంటే ముందు ఆయనే రుమాలు వెతుక్కున్నారు. ఆయన ఫుట్‌బాల్ జట్టు ఓడిన రోజున రిమోట్ ముక్కలవలేదు. మా పిన్ని వచ్చి వారం ఉంటే, ఆవిడకు టీలో పుదీనా వేయాలా వద్దా అని ఆయనే అడిగారు.

అసలు ఐక్యరాజ్యసమితి వాళ్ళు ఈ దిశగా ఎప్పుడైనా ఆలోచించారా? యుద్ధానికి కాలు దువ్వే నాయకులందరికీ ఈ హార్మోన్ కాస్త దించి, తలా ఒక కట్ట ఆకు ముందు పెట్టి కూర్చోబెడితే? సాయంత్రానికి సంధి కుదరదూ? రాత్రికి అందరికీ భోజనం కూడానూ.

కానీ లోకం ఓర్వదు కదా. కాఫీ కొట్లో మా ఆయన డామినోలు ఆడే బల్ల దగ్గర ఒకాయన, ఈ హార్మోన్ ఇంజెక్షన్ వేయించుకున్నాక గ్యాస్ బండను ఒంటిచేత్తో భుజానికెత్తానని చెప్పాడట. ఎత్తిన బండను మళ్ళీ కిందపెట్టింది ఎవరో మాత్రం చెప్పలేదు. మా ఆయన అది విని నేరుగా మందుల షాపుకు వెళ్ళి తనకూ ఒకటి తెప్పించమని చెప్పి వచ్చారు. నాకు ఒక్క మాట చెప్పలేదు.

మా సందులో సామాను బుట్టకు తాడు కట్టి బాల్కనీలోంచి దించుతాం. బుట్టలో వేసేవాళ్ళు అది ఎవరిదో, ఏమిటో గట్టిగా చెప్పాలి. లేకపోతే పక్కింటి వాళ్ళు లాగేసుకుంటారు. ఆ రోజు నేను ఈస్టు కోసం బుట్ట దించాను. కింద మందుల షాపు మమ్‌దూహ్ గారు బయటికి వచ్చి అందులో ఒక పొట్లం పెట్టారు.

"వాయెల్ అమ్మగారూ, ఫిక్రీ గారి విటమిన్ పంపుతున్నా. లాగండి."

ఆయన పాపం గుట్టుగానే చెప్పాననుకున్నాడు. విటమిన్ అంటే ఏమిటో మా సందులో పిల్లికి కూడా తెలుసు. ఎదురు బాల్కనీలో బట్టలారేస్తున్న రిదా వాళ్ళమ్మ నోట్లోంచి క్లిప్పు తీసింది.

"ఏ విటమిన్ వదినా? నారింజపళ్ళలో ఉండేదా, కండల్లో ఉండేదా?"

"కళ్ళకి వదినా. ఈయనకి చూపు మందగించింది."

"మా ఆయనకీ ఆ చూపే మందగించి రెండేళ్ళయింది. వేశాక ఎలా కనబడుతోందో చెప్పు, మేమూ తెప్పించుకుంటాం."

కింద టీ తాగుతున్న వాళ్ళకు పొలమారింది. నేను బుట్టను సగంలో ఆపేశాను. పైకి లాగితే నా ప్రశాంతత పోతుంది. కిందికి దించితే ఆయన పరువు పోతుంది. అంత ఎత్తున వేలాడుతున్న ఆ పొట్లంలో నాకు ఆయన శవయాత్ర కూడా కనబడింది.

"మమ్‌దూహ్ గారూ, ఈయన గుండె చూశారా?"

"గుండెకేమమ్మా, రాయిలా ఉంది. ట్రామ్ నడిపిన మనిషి."

"రాయిలా ఉంటుందనే నా భయం బాబూ."

గొడవ విని మా ఆయన బాల్కనీలోకి వచ్చారు. "లాగవే, అందరూ చూస్తున్నారు."

"ముందు డాక్టరమ్మ దగ్గరికి వెళ్దాం. ఆవిడ వేయమంటే సూది నేనే దగ్గరుండి వేయిస్తాను."

వెనకటి ఫిక్రీ అయితే ఆ మాటకు వేసే కేకకు సముద్రం అవతలి ఒడ్డున కూడా జనం తలుపులు వేసుకునేవాళ్ళు. ఈ ఫిక్రీ నెత్తి గోక్కుని, "సరే, పద" అన్నారు. నేను బుట్ట దించేశాను. చూశారా, ఇది కానుక కాకపోతే మరేమిటి?

ఇంకో విచిత్రం చెప్పనా? కాళ్ళు వాస్తున్నాయి, చెంబులకు చెంబులు నీళ్ళు తాగుతున్నారు, ఒకసారి చూపించుకోండని ఏళ్ళ తరబడి మొత్తుకున్నాను. కదల్లేదు. మగతనం అనేసరికి మాత్రం నాకంటే ముందు చెప్పులు వేసుకున్నారు.

డాక్టర్ ఇగ్లాల్ గారు మళ్ళీ పరీక్షలు చేయించారు. హార్మోన్ తగ్గిన మాట నిజమేనన్నారు. దానితోపాటు షుగరు బాగా ఎక్కువగా ఉందన్నారు, ఆ గురక వెనక ఊపిరి ఆగి ఆగి వస్తోందన్నారు. ముందు అవి దారికి తెచ్చి, తర్వాత మళ్ళీ కొలిచి చూద్దామన్నారు.

"అప్పటికీ తక్కువే ఉంటే మందు ఇస్తాను. అవసరమైన వాళ్ళకి అది మంచి మందే. కానీ బుట్టలో రాకూడదు" అన్నారు.

ఇక లేద్దామనుకుంటుండగా మా ఆయన గొంతు సవరించుకున్నారు.

"డాక్టరమ్మా, ఈవిడకీ ఏదైనా రాయండి. రాత్రుళ్ళు నిద్రపోదు. లేచి గ్యాస్ కట్టేసిందో లేదో చూసొస్తుంది. నేను ఊపిరి తీస్తున్నానా అని నా ముక్కు కింద వేలు పెడుతుంది. నేను నిద్రపోతున్నాననుకుంటుంది."

 పెళ్ళయి ముప్ఫై ఏళ్ళు దాటింది. నాకు నిద్ర ఉందో లేదో ఈ మనిషి ఇంకొకరితో చెప్పడం అదే మొదటిసారి. ఆయన బయట మందుల చీటీ తీసుకుంటుండగా నేను డాక్టరమ్మ బల్ల మీదికి వంగాను.

"అమ్మా, రేపు మందేసి ఆ హార్మోన్ పెరిగాక కూడా ఈయన నా సంగతి ఇలాగే అడుగుతారా? ఆకు గిల్లుతారా? లేకపోతే మళ్ళీ ఆ ట్రామ్ నోరు వచ్చేస్తుందా?"

నా భయమంతా అదే. షుగరు సంగతి తర్వాత.

ఆవిడ నవ్వారు. "మా ఇంట్లో ఆయనకి హార్మోన్ దండిగా ఉందమ్మా. రోజూ ఆకు ఆయనే గిల్లుతారు. అది తగ్గితే నీరసం వస్తుంది, కునుకు వస్తుంది. పెళ్ళాం సంగతి అడగడానికి అది అడ్డమూ కాదు, సాయమూ కాదు. అది మీ ఆయన చేతిలో పనే."

కాబట్టి పాఠకులారా, మొదట్లో నేనన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. హార్మోన్ గారిని అన్యాయంగా నిందించాను. ఆ అరుపులతో వారికి ఏ సంబంధమూ లేదట.

తిరుగు ట్రామ్‌లో కిటికీ పక్కన కూర్చున్నాం. పట్టాల మీద ఎవడో కారు ఆపాడు. డ్రైవర్ అరుస్తున్నాడు.

"వాయెల్ వాళ్ళ నాన్నా, హార్మోన్ కాదట" అన్నాను.

"ఏది?"

"ఇన్నేళ్ళూ మీరు ఇంట్లో అరిచింది. మరి మీ పట్టాల మీద అడ్డం వచ్చిందేమిటి?"

ఆయన ఆ కారును చూస్తూ కూర్చున్నారు. కారు కదిలింది. ట్రామ్ కదిలింది. ఒక స్టేషన్ దాటింది.

"దిగాక ఆకు కొందామా?" అన్నారు చివరికి.

"రెండు కట్టలు కొనండి."

"ఒకటి చాలదూ?"

"చాలదు. జవాబు దొరికేదాకా గిల్లుతూ కూర్చుందురుగాని."