సైరన్‌కు దించాల్సిన తలకాయ కూర

ఆ ఆదివారం సెంటినరీ కాలనీ సదానందం పెట్టుకున్న పని చిన్నదే. పదకొండింటికి కమ్యూనిటీ హాల్లో ఆయన రాసిన ‘బొగ్గుబాయి వంటలు’ ఆవిష్కరణ. అందులోని తలకాయ కూర తానే వండి, వచ్చినవాళ్ళకు వడ్డించాలి. ముప్పై ఆరేళ్ళు బాయి ఆఫీసులో హాజరు రాసి రిటైరైన మనిషి. రెండేళ్ళు ఇంటింటికీ తిరిగి వంటలు రాసుకున్నాడు గానీ, ఏనాడూ గంటె పట్టిన పాపాన పోలేదు.

"రాసుడు వేరు, వండుడు వేరు," అంది భార్య జమున. "ఆ బుక్కు చూసి కూర మంచిగ చేస్తే దాన్ని నా వంటింట్ల పెట్టనిస్త. లేకుంటె గడప తొక్కనియ్య."

అని ఎదురింటి మల్లక్క అరుగు మీదికి పోయి కూర్చుంది. సదానందానికి మనసు చివుక్కుమంది. సొంత పెళ్ళాం పొయ్యి దగ్గరికే చేరని వంటల పుస్తకాన్ని లోకమంతా చదివితే మాత్రం ఏం లాభం?

ఆ కూర మల్లక్క చెప్పిందే. చెప్పింది చెప్పినట్టు అచ్చయింది: "తెల్లారగట్ల పొయ్యి మీద పెట్టి మూత వేయాలి. మధ్యలో తీయరాదు. బాయి సైరన్ కూయగానే దించాలి." అయిదున్నరకే గిన్నె ఎక్కించి, సదానందం చెవులు రిక్కించి కూర్చున్నాడు.

ఏడింటికి కూయాల్సిన సైరన్ ఎనిమిదైనా కూయలేదు. ఆదివారం బాయికి సెలవు, సైరన్ కూయదు. ఉద్యోగమున్నన్నాళ్ళూ ఆదివారాలు తొమ్మిదిదాకా ముసుగుతన్ని పడుకున్నవాడికి ఆ సంగతి తెలిసే యోగమెక్కడిది?

అంతలో పెద్దపల్లి నుంచి ప్రెస్సు మక్సూద్ పుస్తకాల కట్టతో దిగాడు.

"సదానందన్నా, మాడు వాసన గుప్పుమంటున్నది. దించరాదుండ్రి!"

"సైరన్ కాలేదు మక్సూద్."

మక్సూద్ పుస్తకం తెరిచి ఆ పేజీ రెండుసార్లు చదివాడు. "నిజమే. అచ్చయినంక మనం మారిస్తే ఎట్ల? ఆగుదం."

ఇద్దరూ ఆగారు. పొగ ఆగలేదు. కిటికీలోంచి బయటికొచ్చి వాడంతా కమ్మేసింది. ‘సదానందం ఇంట్ల సిలిండర్ పేలిందట’ అని ఈ చివర పుట్టిన మాట ఆ చివరికి చేరేసరికి ఇల్లే కూలిపోయింది. జనం బకెట్లతో ఉరికొచ్చారు. ఎవరో ఫోన్ చేస్తే ఫైరింజన్ కుయ్యోమంటూ వాడలోకి తిరిగింది.

"కూసింది!" అని సదానందం ఒక్క గెంతున లేచి, మసిగుడ్డతో గిన్నె ఎత్తాడు. గుడ్డ కూడా రాజుకుంది. గిన్నె ఎక్కడ పెట్టాలో తోచక గిరగిరా తిరుగుతుంటే జమున ఉరికొచ్చి, కట్టలోంచి ఓ పుస్తకం లాగి గట్టు మీద పడేసింది.

"దీని మీద పెట్టు! చేతులు కాలుతున్నయ్!"

మూత తీస్తే లోపల అంతా బొగ్గే. సదానందానికి ఏడుపొచ్చింది. "మల్లక్కా, నువ్వు చెప్పినట్టే చేస్తి గద!"

జమున వెనకే వచ్చిన మల్లక్క గిన్నెలోకి తొంగిచూసి బుగ్గ నొక్కుకుంది. "సైరన్‌కు దించేది కూర ఉడికిందని గాదు బిడ్డా. మా ఆయన డ్యూటీకి ఉరకాలెనని. సగం దినాలు పచ్చిదే తినిపోయిండు పాపం."

ఆవిష్కరణ అక్కడే, బకెట్లు పట్టుకున్న జనం మధ్యే జరిగిపోయింది. హాల్లో వేయించిన కుర్చీలకంటే వాడలో మనుషులే ఎక్కువ.

జమున మొగుడి కాలిన చేతులకు వెన్న రాసి, మాడిన గిన్నె తీసి బయట పడేసింది. గట్టు మీది పుస్తకాన్ని మాత్రం తీసేయలేదు. అట్ట మీద గుండ్రటి నల్లమచ్చతో అది ఇప్పటికీ పొయ్యి పక్కనే ఉంది. జమున రోజూ వాడుతుంది. తెరిచే అవసరమే ఇంకా రాలేదు.