సత్యశ్రీ గ్లైడరూ, మా నలభై మంది సలహాలూ

ఉచిత సలహాను మించిన ఇంధనం ఈ భూమ్మీద లేదండి! నమ్మరా? అయితే మా మండపేట రండి. ఇంజనే లేని విమానాన్ని మేం నలభై మందిమి కేవలం నోటితో తయారుచేశాం.

పైకి మాత్రం అది సత్యశ్రీ చేసినట్టే కనిపిస్తుంది. మూతబడ్డ రైస్‌మిల్లు షెడ్డులో ఏళ్ల తరబడి కూర్చుని, రేసుల్లో ఎగిరే ఒంటి సీటు గ్లైడర్ని డిజైన్ చేసింది ఆ అమ్మాయే. ఏరోనాటికల్ ఇంజినీరు కూడాను. అయితే ఏం? చదువు వేరు, సలహా వేరు!

రోజూ సాయంత్రం షెడ్డుకి వెళ్లేవాళ్లం. రెక్కలు సన్నగా, పొడుగ్గా ఉంటేనే వేగమంటుంది ఆ పిల్ల. ఇనుము వ్యాపారి హరిబాబు గారికి గుండె ఆగినంత పనైంది.

"ఏంటమ్మా ఇది, అప్పడంలా ఉంది! లోపల నాలుగు ఇనప ఊచలు వేయించు."

సీటు వెనక టిఫిన్ క్యారియర్‌కి పెట్టె ఉండాలన్నది నా సలహా. ఆకాశంలో హోటళ్లుంటాయా, మీరే చెప్పండి! ఇంకో పెద్దమనిషి హారన్ పెట్టించాడు. గద్దలు అడ్డమొస్తే?

"పెద్దవాళ్లు చెబుతున్నారు, వినమ్మా" అన్నారు వాళ్ల నాన్న పల్లంరాజు గారు. మర్యాద తెలిసిన పిల్ల, విన్నది. గ్లైడరు రెండు నిలువుల ఎత్తు లేచి, బరువు మొయ్యలేక దబ్బున పడింది. సత్యశ్రీ మణికట్టు విరిగింది. ఆస్పత్రి మంచం చుట్టూ నిలబడి, ఎముక తొందరగా అతుక్కోవడానికి నలభై సలహాలిచ్చాం.

కట్టు విప్పగానే ఆ పిల్ల షెడ్డుకి తాళం వేసుకుని రెండో గ్లైడరు మొదలుపెట్టింది. "ఇంకో సీటైనా పెట్టమ్మా!" అని కిటికీలోంచి అడిగాను.

"పెడితే అందులో మీరే కూర్చుంటారు కదండీ బాబాయ్ గారూ" అంది. ఎంత గౌరవం!

పోటీకి ఇంక వారమే ఉంది. అందుకని మొన్న ఆదివారం ఉదయం అది ఒకసారి ఎగిరి చూపించి తీరాలి. కోత కోసి చదును చేసిన చేలో, ఆ చివర గ్లైడర్ని తాడుతో లాగి పైకి లేపే యంత్రం సిద్ధం. సత్యశ్రీ లోపల కూర్చుంది. ఒక్కటే చక్రం కాబట్టి గ్లైడరు ఓ పక్కకి వాలిపోయింది. రెక్క చివర ఎత్తిపట్టుకుని నాలుగడుగులు పరుగెత్తడానికి ఒక్క మనిషి కావాలంది.

ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. హరిబాబు గారికి మోకాళ్ల నొప్పి. నాకు కొత్త చెప్పులు. మిగతావాళ్లు "ఎవరైనా పట్టుకోండయ్యా!" అని అమూల్యమైన సలహా ఇచ్చారు.

షెడ్డు ఊడ్చే ఏసమ్మ ఉంది చూశారూ, ఇన్నేళ్లలో ఒక్క సలహా ఇచ్చిన పాపాన పోలేదు! ఆవిడే కొంగు బిగించి రెక్క పట్టుకుంది. తాడు కదిలింది. ఏసమ్మ పరుగే పరుగు! రెక్క చేతిలోంచి జారి గాల్లోకి లేచింది.

"ఎల్లమ్మా, ఎల్లు!" అని అరిచింది.

ఎల్లింది! చప్పుడు లేకుండా కాలవ దాటి, కొబ్బరితోటలు దాటి, అరగంట గిరికీలు కొట్టింది. నలభై మందిమీ చిన్నపిల్లల్లా గెంతాం. నా కొత్త చెప్పు ఒకటి తెగింది కూడా!

దిగిన సత్యశ్రీ తిన్నగా వెళ్లి ఏసమ్మని వాటేసుకుంది. మేం గ్లైడరు ముందు ఫొటోకి నిలబడ్డాం. ఎంత సర్దుకున్నా ఫ్రేములో అందరం పట్టడం లేదు.

ఏసమ్మని కాస్త పక్కకి జరగమని సలహా ఇచ్చాం.