మూడు బ్రష్‌లూ అద్దం ముందే ఉన్నాయి

ఆ ఉదయం ఆమె పథకం చాలా చిన్నది. పెందలాడే ఆఫీసుకు వెళ్ళాలి, తన ముఖం తానే దిద్దుకోవాలి, మధ్యాహ్నం వార్తలు చదవాలి. ఆ టీవీ చానెల్లో ఏళ్ళ తరబడి ఆమె గొంతు బొమ్మల వెనకే వినబడింది. వరదలకూ ఆ గొంతే, ఎన్నికలకూ ఆ గొంతే. ముఖం మాత్రం ఎవరికీ అక్కర్లేకపోయింది. రోజూ చదివే అమ్మాయి సెలవు పెట్టడంతో, గత్యంతరం లేక డైరెక్టరు ఇవాళ ఈమెను కూర్చోబెడుతున్నాడు.

"మీరు ఓ మూలకి కనబడితే చాలు మేడమ్. మన మేకప్ మ్యాన్ వయసు తెలీకుండా ఓ పూత పూసేస్తాడు" అన్నాడు ముందురోజే.

ఆమెకు ఒళ్ళు మండింది. "ఆ పూతేదో గోడకి వేయించుకోండి. నా ముఖం సంగతి నేను చూసుకుంటా" అంది.

ఊరికే అనలేదు. మేనకోడలి దగ్గర కూర్చుని అన్నీ నేర్చుకుంది. పౌడరు అద్దడానికి గుబురుగా ఉండే పెద్ద బ్రష్, చెంపల రంగుకు ఏటవాలుగా కత్తిరించిన బ్రష్, కనురెప్పలకు వేలెడంత చిన్నది. దేని పని దానిదే. మేకప్ మ్యాన్ మాత్రం ఒకే ఒక్క బ్రష్‌తో, నుదుటి నుంచి గడ్డం దాకా, అందరికీ సున్నం కొట్టినట్టు కొట్టేస్తాడు.

తీరా ఆఫీసులో సంచి తెరిస్తే రంగుల డబ్బీలున్నాయి, బ్రష్‌లు లేవు. భర్తకు ఫోను చేసింది.

"ఏమండీ, బ్రష్‌లు మర్చిపోయాను. అర్జెంటుగా తెచ్చి గేటు దగ్గరివ్వండి."

"అయ్యో, బ్రష్ చేసుకోకుండానే వెళ్ళిపోయావా?"

పక్కనెవరో బల్ల ఈడ్చిన చప్పుడులో ఆమెకు ఆ ముక్క వినబడలేదు. "అద్దం ముందే ఉన్నాయి. మూడూ తెండి. పెద్దది, వంకరది, చిన్నది."

"మూడెందుకే?"

"ఒక్కోదానికి ఒక్కో పని! అవి లేకుండా కెమెరా ముందు కూర్చుంటే నా పరువు పోతుంది."

భర్త మంచివాడు. భార్య మాటకు ఎదురు చెప్పడు, అర్థం చేసుకోవడంలోనే వస్తుంది చిక్కంతా. స్నానాల గదిలో అద్దం ముందు మూడు బ్రష్‌లు ఉండనే ఉన్నాయి. తనది పెద్దది, ఆవిడది మెడ వంగినది, మనవరాలిది చిన్నది. తోడుగా పేస్టు కూడా పొట్లం కట్టి వాచ్‌మన్ చేతికిచ్చాడు.

"మా ఆవిడ పాపం పళ్ళు తోముకోకుండా వచ్చేసిందండీ. వార్తలకి ముందే అందించండి" అని బతిమాలాడు.

వాచ్‌మన్ దారిలో కనబడిన ప్రతివాళ్ళకీ ఆ సంగతి చెప్పుకుంటూ పైకెళ్ళాడు. పొట్లం మేకప్ గదికి చేరేసరికి, "ఇవాళ తోముకోలేదట" కాస్తా "ఆవిడకసలు ఆ అలవాటే లేదట" అయి కూర్చుంది.

పొట్లం విప్పి ఆమె నిర్ఘాంతపోయింది. మేకప్ మ్యాన్ తన ఏకైక బ్రష్ పట్టుకుని, "రండమ్మా, క్షణంలో కానిచ్చేస్తా" అన్నాడు.

"దగ్గరకొచ్చావంటే ఊరుకోను!"

ఇన్నేళ్ళకు దొరికిన ఒక్క రోజు! మనవరాలి బ్రష్‌ను శుభ్రంగా తుడిచి కనుబొమలు దువ్వింది. వంకరదానితో చెంపలకు రంగు తాకించింది. పౌడరుకు చేతిరుమాలు, రెప్పలకు ఉంగరపు వేలు సరిపోయాయి. అద్దంలో వయసు వయసులాగే ఉంది, ముఖం తనదిలాగే ఉంది. "ఇది నేనే. ఇష్టమున్నవాళ్ళు చూస్తారు" అనుకుంటూ లేచింది.

స్టూడియో గుమ్మంలో డైరెక్టరు దూరంగా నిలబడి పిప్పరమెంటు బిళ్ళతో చెయ్యి చాచాడు. "గొంతుకి మంచిది మేడమ్."

"నా గొంతుకేం రోగం?" అని ఆమె తన కుర్చీలో కూర్చుంది.

ఆమెతో జంటగా వార్తలు చదవాల్సిన పెద్దమనిషి అప్పటికే ఊపిరి బిగబట్టాడు. ఆమె అతనివైపు తిరిగినప్పుడల్లా చక్రాలున్న అతని కుర్చీ జానెడు వెనక్కి జరిగింది. తన వంతు వచ్చేసరికి అతనికి ఊపిరాడక మాట పెగల్లేదు. ఆమె తడుముకోకుండా అతని వార్త కూడా అందుకుంది. కెమెరా ఆమె మీదికే తిరిగింది. కుర్చీ జరిగీ జరిగీ చివరికి తెర మీద ఆమె ఒక్కతే మిగిలింది, నిండుగా.

వార్తలు ముగిశాయో లేదో ఫోన్లు మొదలయ్యాయి. ఆ గొంతు ఈవిడదా అని, రేపు కూడా ఈవిడే చదవాలని. డైరెక్టరు చేతులు నలుపుకుంటూ వచ్చాడు.

"రేపూ మీరే మేడమ్. మేకప్ కూడా మీ ఇష్టం."

"అదెప్పుడూ నా ఇష్టమేనండీ" అంది ఆమె.

పెద్దమనిషి ఇంట్లోవాళ్ళు మాత్రం, ఆయన మోచెయ్యి తెర మీద చాలా బాగా కనబడిందని మెచ్చుకున్నారు.